పదకొండు దొంగ బిట్లు

అశోక్‌నగర్‌లో నా వేళ్ల కింద నుంచి వెళ్లిన బిట్టు ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఇది నా సొంత డబ్బా కాదు. గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షల కోసం అశోక్‌నగర్, దోమలగూడ, గాంధీనగర్ హాస్టళ్లలో పడి చదువుకునే ముప్పై వేలమంది చెప్పే మాట. "సృజన్ టైపు కొట్టిండంటే ఇగ చూసుడు లేదు" అని ముప్పై వేలమందీ ఒకేసారి, ఒకే గొంతుతో అంటారు. శబ్దానికి హుస్సేన్‌సాగర్‌లో అలలు లేస్తాయి.

సరే, పదకొండు తప్పు పోయాయి.

అవి కూడా వాటంతటవి పోలేదు. నేనే దగ్గరుండి పంపాను.

2012 జూన్‌లో మా ఓనరు బుగ్గయ్య అన్న 'జనరల్ నాలెడ్జ్ - వెయ్యి బిట్లు' అని పుస్తకం వేశాడు. ప్రశ్న, కింద నాలుగు జవాబులు, అందులో సరైనదానికి చుక్క. అశోక్‌నగర్‌లో అందరూ తినేదీ తాగేదీ ఇవే బిట్లు. అరుంధతి జిరాక్స్ సెంటరులో కంప్యూటరు ముందు కూర్చుని వెయ్యీ టైపు చేసింది నేనే. తొమ్మిది వందల దగ్గర ఉండగా బుగ్గయ్య అన్న నా కుర్చీ వెనక నిలబడి, రహస్యమన్నట్టు వంగాడు.

"సృజన్, లోపట ఒక్క దొంగ బిట్టు పెట్టురా."

"దొంగదా అన్నా?"

"దునియాల లేనిది. ఎవ్వనికీ నష్టం కాకుండ ఉండాలె. ఆ మూలమీది లక్ష్మయ్య మన పుస్తకం ఎత్తి కొట్టిండనుకో, 'ఈ బిట్టు నీకు యాడ దొరికిందిరా' అని గల్లా పట్టుకుంట."

దర్జీ కాలరు లోపల గుర్తు కుట్టుకున్నట్టన్నమాట. జిరాక్స్ సెంటర్ల వాళ్లందరూ చేసే పనేనట. ఒక్కటి పెట్టమన్నాడు, వెనక్కి వెళ్లి నదుల మధ్య పెట్టాను. 'ప్రపంచంలో అత్యంత నెమ్మదిగా ప్రవహించే నది ఏది? బొంగోరా. ఏడాదికి ఆరడుగులు.' చదివి చూసుకుంటే కన్ను తిప్పుకోలేకపోయాను. నైలు, అమెజాన్‌ల పక్కన అంత ఒద్దికగా కూర్చుంది. చెయ్యి తిరిగింది. గొడుగు మీద పన్ను వేసిన తొలి చక్రవర్తి వచ్చాడు. వంకాయను జాతీయ ఫలంగా ప్రకటించిన లుమాండా ద్వీపం వచ్చింది. నిద్రలో ఈల వేసే ఏకైక జంతువు వచ్చింది. చూస్తుండగా పదకొండయ్యాయి. ఇంకా వస్తుంటే నేనే ఆపాను. నాకూ ఒక పద్ధతి ఉంది.

లక్ష్మయ్య నాలుగు రోజుల్లో మా పుస్తకం దించాడు. పదకొండూ ఉన్నాయి. కానీ బుగ్గయ్య అన్న వెళ్లి అతని కాలరు పట్టుకోలేదు. ఎందుకంటే మిగతా బిట్లన్నీ ఢిల్లీవాళ్ల పుస్తకం నుంచి బుగ్గయ్య అన్న ఎత్తినవే, ఆ సంగతి లక్ష్మయ్యకు తెలుసు. ఇద్దరూ బండి దగ్గర ఎదురుపడి, కలిసి చాయ్ తాగి, ఎవరి దుకాణానికి వాళ్లు వెళ్లిపోయారు. నా నది మాత్రం రెండు దుకాణాల నుంచీ ప్రవహించింది.

*

ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున, చిక్కడపల్లిలో మా ఇంటి పెరట్లో పళ్లు తోముకుంటుంటే డాబా మీద నుంచి వినపడింది.

"ప్రపంచంలో అత్యంత నెమ్మదిగా ప్రవహించే నది, బొంగోరా. ఏడాదికి ఆరడుగులు."

పేస్టు మింగేశాను.

మా అన్న జగదీశ్వర్ డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ చదువుతాడు. నాలుగేళ్లుగా గ్రూప్స్ రాస్తున్నాడు. నడిచి నడిచి ఆ డాబా మధ్యలో బాట పడింది, వానొస్తే నీళ్లు అందులోంచే పోతాయి. పైకెక్కి చూస్తే చేతిలో వెయ్యి బిట్లు.

"అన్నా, గా పుస్తకం యాడిది?"

"మీ షాపుదే. మొన్న కొన్న."

"నన్నడిగితే తెస్తుంటి గద."

"నీ కొలువు వేరు, నా చదువు వేరురా" అని పేజీ తిప్పాడు.

మా అన్న సంగతి చెప్పాలి. అచ్చులో ఉన్నదేదైనా నమ్ముతాడు. బేకరీలో 'తాజా' అని రాసి ఉంటే అది తాజాయే, బూజు ఉంటే ఆ బూజు కూడా తాజాయే. నారాయణగూడలో ఒక దుకాణానికి 'అయిదు నిమిషాల్లో వస్తాను' అని అట్ట వేలాడుతుంటే, అంతకు పదిహేను రోజుల ముందే మూసేసిన ఆ దుకాణం మెట్ల మీద రెండు గంటలు కూర్చున్నాడు. వచ్చాక "పాపం ఏం పని పడిందో ఆయనకు" అన్నాడు.

మా అక్క వీణ దానికి తలకిందులు. నారాయణగూడలో రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. ఏదీ నమ్మదు. అమ్మ అన్నం ఉడికిందంటే మూత తీసి మెతుకు నొక్కి చూస్తుంది. గడియారం ఎనిమిదంటే ఇంకో గడియారాన్ని అడుగుతుంది. నన్ను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున, నాలుగేళ్ల పిల్ల, "ఈడు మనోడేనా?" అని అడిగిందట. ఇప్పటికీ ఆ ఫైలు మూసినట్టు లేదు.

మూడోవాణ్ని నేను. ఒకడు నమ్ముతాడు, ఒకతి నమ్మదు. మధ్యలో ఎవరో ఒకరు సరుకు తయారు చెయ్యాలి కదా.

టిఫిన్ల దగ్గర మా బాపు రాజేశం పేపరు మడిచాడు. బాపు పేపరు మడిచాడంటే తీర్పు వస్తుంది.

"శనివారమేనా డెమో?"

"పదింటికి బాపు" అన్నాడు అన్న.

ధీమతి స్టడీ సర్కిల్ అని అశోక్‌నగర్‌లో కొత్త కోచింగ్ సెంటరు. జి.కె. చెప్పడానికి మనిషి కావాలన్నారు. పిల్లల ముందు నలభై నిమిషాలు పాఠం చెప్పి చూపిస్తే, నచ్చితే తీసుకుంటారు.

"అయితే మంచిదే. గాకపోతే ఒకటో తారీఖు నుంచి అంబర్‌పేట. మీ మామకు మాటిచ్చిన. నాలుగేండ్లు చూసిన, ఇగ నాతోని గాదు."

అంబర్‌పేటలో మా మేనమామకు హార్డ్‌వేర్ దుకాణం ఉంది. దసరాకు ఒక్కరోజు అన్నను కూర్చోబెట్టాడు. నల్లా కొనడానికి వచ్చినాయనతో అన్న, "ఇది మూణ్ణెల్లకు కారుతదట, మామనే చెప్పిండు" అన్నాడు. మధ్యాహ్నానికి మామ టిఫిన్ డబ్బా చేతికిచ్చి, ఆటో ఎక్కించి పంపాడు. ఇప్పుడు మళ్లీ తీసుకుంటానన్నాడంటే అది మామ త్యాగం. అన్నకు మాత్రం అది జైలు. పైకి ఏమీ అనడు. ఇడ్లీని ఇంకా చిన్న ముక్కలు చేశాడు, అంతే. మామూలుగా ఇడ్లీకి ఇరవై నిమిషాలు, ఆ రోజు నలభై.

"డెమోల ఏం చెప్తవు బిడ్డా?" అమ్మ అనసూయమ్మ చట్నీ వేస్తూ అడిగింది.

"నదులమ్మా."

నేను మూడో ఇడ్లీ వద్దని లేచాను.

*

అప్పుడే చెప్పేయొచ్చు కదా అని మీరంటారు. చెబితే ఏమవుతుందో మీకు తెలియదు. మా అన్న పుస్తకం పట్టుకుని నేరుగా చిక్కడపల్లి లైబ్రరీ గేటు దగ్గరకు వెళ్తాడు. లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరినీ ఆపి, "తమ్మీ, ఇండ్ల పదకొండు తప్పులున్నయి, మా తమ్ముడు పెట్టిండు" అని చెబుతాడు. ఇంటిపేరుతో సహా. మధ్యాహ్నానికి బుగ్గయ్య అన్న నన్ను రోడ్డు మీదికి గెంటుతాడు. అందుకని మనిషిని కదిలించకుండా తప్పును మాత్రమే తీసేద్దామనుకున్నాను.

బుధవారం షాపులో 'సవరణ' అని ఒక చీటీ టైపు చేశాను. చుట్టూ బోర్డరు, పైన నెమలి బొమ్మ. 'బిట్టు నంబరు 412లో పేర్కొన్న బొంగోరా నది లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము.' 'చింతిస్తున్నాము' అన్న మాట నాకే ముచ్చటేసింది. అన్న స్నానానికి వెళ్లినప్పుడు పేజీల మధ్య పెట్టాను.

పావుగంటలో తువ్వాలుతోనే వచ్చాడు.

"చూసినవారా? ఎవడో పోకిరోడు నా పుస్తకంల చిట్టీ పెట్టిండు."

"ఎవడన్నా వాడు!"

"నది లేదంటున్నడు. బైండు చేసిన పుస్తకంల ఉన్న నది, చిట్టీ మీద లేదంటే పోతదారా?"

పుట్టి బుద్ధెరిగాక మా అన్న ఒక్కసారి అనుమానించాడు. అది కూడా నిజాన్ని.

గురువారం ఇంకా పెద్ద ఎత్తు వేశాను. పదకొండు బిట్లూ మార్చి, ఒకే ఒక్క కాపీ తీసి, అట్ట వేసి, అన్న పుస్తకం తీసి దాచి, ఆ చోట ఇది పెట్టాను. పాత పుస్తకంలో అన్న ప్రతి జవాబు కింద స్కేలుతో గీత గీశాడు. దేశాలకు ఎరుపు, నదులకు నీలం. వెయ్యి గీతలు గీయడం నా వల్ల కాదు. ఆ చిన్న తేడా గమనించడులే అనుకున్నాను.

సాయంత్రం నేను షాపులో ఉండగా చెమటలు కక్కుతూ వచ్చాడు.

"బుగ్గయ్య అన్నా, ఎవరిదో కొత్త పుస్తకం నా దగ్గరికి వచ్చింది. లైబ్రరీల అందరినీ అడిగిన, ఎవ్వరూ మాది గాదంటున్నరు. పాపం ఎవరు పరేషాన్ అయితున్నరో. మీ దగ్గర పెట్టుండ్రి, అడుగుతె ఇయ్యుండ్రి."

బుగ్గయ్య అన్న తిరగేశాడు. 412 దగ్గర ఆగాడు. ఆయన పెట్టమన్న దొంగ బిట్టు అక్కడ లేదు.

"ఇది మనది గాదు" అని కళ్లు చిన్నవి చేశాడు. "మన బిట్టు పీకేసి మళ్ల కొట్టిండు. సృజన్, చూసినవా ఆ లక్ష్మయ్యగాని తెలివి!"

"దొంగలన్నా" అన్నాను.

అన్న తన పాత పుస్తకం మా ఇంట్లో బియ్యం డబ్బా వెనక దొరికేదాకా వెతికాడు. దొరికాక పుస్తకానికి దండం పెట్టుకున్నాడు.

శుక్రవారం వీణక్క డ్యూటీ దిగే వేళకు నారాయణగూడ వెళ్లి, ల్యాబు బయట చెరుకురసం బండి దగ్గర పట్టుకున్నాను. రసం కొనిచ్చాను. గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది.

"ఏం చేసినవ్?"

"నేనేం చెయ్యలే. ఒకాయన ఉన్నడక్కా. ఆయన ఒక పుస్తకంల ఒక చిన్న బిట్టు..."

"ఎన్ని?"

"ఒకటి."

గ్లాసు దించింది. రక్తం గొట్టంలోకి ఎక్కడం చూసే చూపుంటుంది ఆమెకు.

"పదకొండు" అన్నాను.

అంతా విన్నది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"అన్నకు చెప్పు."

"నువ్వు చెప్పరాదక్కా?"

"నేను చెప్తే ఏమున్నది? పుట్టినకాణ్నుంచి అన్నీ అబద్ధమే అంటున్న. ఇది గూడ గంతే అనుకుంటడు. నువ్వు చెప్తే నమ్ముతడు."

"నన్నా?"

"అన్న నిన్నెప్పుడన్న నమ్మకుండ ఉన్నడా?" రసం ఒక్క గుక్క తాగి మిగతాది పారబోసింది. "నాలుగు మాటల పనిరా. 'అన్నా, ఆ నది అబద్ధం.' అను."

"రేపు పొద్దున అంట."

పొద్దున అన్న తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కాలరు ఒకసారి, చేతులు ఒకసారి, మళ్లీ కాలరు. అమ్మ పెరుగు, చక్కెర కలిపి నోట్లో పెట్టింది. నేను ఎదురుగా నిలబడి గాలి పీల్చాను.

"అన్నా" అన్నాను.

"ఏందిరా?"

"ఆ చొక్కా... మస్తుంది."

వెనక నుంచి వీణక్క ముక్కుతో ఒక శబ్దం చేసింది.

*

ధీమతి స్టడీ సర్కిల్ మూడో అంతస్తులో ఉంది. డైరెక్టరు వీరరాఘవరావు గారు చెవి మీద పెన్ను పెట్టుకుని వెనక కుర్చీలో కూర్చున్నారు. నలభై మంది పిల్లలు. పిల్లలంటే మాట వరసకు, కొందరికి పిల్లలున్నారు. నాకు ముందు బెంచీలో చోటు దొరికింది. ల్యాబులో సెలవు పెట్టి వచ్చిన వీణక్క తలుపు దగ్గర కూర్చుంది.

"కానివ్వండి జగదీశ్వర్ గారూ" అన్నారు డైరెక్టరు. "నలభై నిమిషాలు. మేం లేమనుకోండి."

అన్న సుద్దముక్క తీసుకుని గోదావరిని గీశాడు. పుట్టినచోట మొదలుపెట్టి సముద్రం దాకా చెయ్యి ఎత్తలేదు. ఉపనదులు ఒక్కొక్కటే వచ్చి కలుస్తుంటే, కలిసినచోట గీత కొంచెం లావు చేస్తూ పోయాడు. నేను ఇరవై ఒక్క ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను, మా అన్నకు ఇది వచ్చని తెలియదు. ఇంట్లో నత్తలాగా ఉండే మనిషి, ఇక్కడ తొందర లేని మనిషిలాగా ఉన్నాడు. గొంతు గది చివరిదాకా వెళ్లి తిరిగి వస్తోంది. ముందే మెలకువగా ఉన్నవాళ్లు కూడా ఇంకోసారి మేలుకున్నారు.

ఇరవై రెండో నిమిషంలో సుద్దముక్క పక్కన పెట్టాడు.

"అందరికీ తెల్సిన నది ఒకటి అడుగుత. ప్రపంచంలో అత్యంత నెమ్మదిగా ప్రవహించే నది?"

"బొంగోరా!" గది మొత్తం.

నా వీపు మీద వెంట్రుకలు లేచాయి.

"ఏడాదికి ఆరడుగులు" అన్నాడు అన్న. "మనల్ని గూడ ఇంట్ల అడుగుతరు, ఎంత దూరం వచ్చినవు అని. నాలుగేండ్ల సంది నన్ను అడుగుతున్నరు. ఏం చెప్పాల్నో తెల్వకపోతుండె. ఈ నది గురించి చదివినంక ధైర్యం వచ్చింది. ఆరడుగులే గావచ్చు. కనీ అది ఎనుకకు పోతలేదు గద."

పెన్నులు ఆగిపోయాయి. మూడో బెంచీలో గడ్డం పెరిగిన ఒకాయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. డైరెక్టరు గారు చెవి మీది పెన్ను తీసి 'బొంగోరా' అని రాసుకున్నారు. నాకైతే టికెట్టు దొరికితే వెళ్లి ఆ నదిలో కాళ్లు కడుక్కుని రావాలనిపించింది.

అప్పుడు కిటికీ పక్క నుంచి ఒక చెయ్యి లేచింది. రెండు జడల అమ్మాయి, పేరు కమలాకుమారి అని తర్వాత తెలిసింది. జగిత్యాల దగ్గర పల్లెటూరు, ఇక్కడ అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటుంది.

"సార్, ఆ నది ఏ దేశంల ఉంది సార్?"

అన్న పుస్తకం చూశాడు. దేశం లేదు. నేను దేశం పెట్టలేదు. ఆ పూట బద్ధకించాను.

"లైబ్రరీల అట్లాసు మొత్తం ఎతికిన సార్. దొరకలే. నాకే చూసుడు రాలేదేమో..."

గది గొల్లుమంది. "పుస్తకంల ఉంది గద అక్కా!" "అట్లాసు ఉల్టా పట్టుకున్నవేమో!" ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. చెయ్యి దించి, జడ చివర పట్టుకుని, బెంచీ కేసి చూస్తూ కూర్చుంది. అక్కడ నవ్వనివాళ్లు ముగ్గురే. అన్న, అక్క, నేను.

"నవ్వకుండ్రి" అన్నాడు అన్న. గట్టిగా కాదు. గది ఆగిపోయింది. "ఆమె ఎతికింది. మనం ఎవ్వరం ఎతకలే. నాకు గూడ తెల్వదమ్మా. పుస్తకంల చూసి చెప్పిన. పుస్తకపోళ్లు యాడ చూసిన్రో నేను అడగలే."

కోచింగ్ సెంటర్లో పాఠం చెప్పేవాడు 'నాకు తెల్వదు' అనడం అశోక్‌నగర్ పుట్టాక అదే మొదటిసారి. నాలుగు బిల్డింగులు పక్కకు ఒరిగాయి. డైరెక్టరు గారి పెన్ను కింద పడింది.

"పోయి చూద్దాం పాండ్రి" అని అన్న పుస్తకం చంకన పెట్టుకున్నాడు.

"ఎక్కడికండీ?" డైరెక్టరు గారు లేచారు. "ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది!"

"లైబ్రరీకి సార్. గా పద్దెనిమిది నిమిషాలల్ల అయిపోతది."

అయిదు గంటలు పట్టింది.

*

నలభై మంది యువకులు, ముందు తెల్లచొక్కా వేసుకుని పుస్తకం పట్టుకున్న ఒక మనిషి, వెనక ఆయాసపడుతూ సఫారీ వేసుకున్న పెద్దమనిషి, అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి నడుస్తుంటే, 2012లో చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఊరేగింపే అనుకున్నారు. మిర్చి బండి దగ్గర ఇద్దరు తినడం ఆపి "జై తెలంగాణ!" అని కలిసిపోయారు. వాళ్లకు విషయం చెప్పేసరికి లైబ్రరీ వచ్చేసింది. "నది లేదా? గదెట్ల?" అని వాళ్లూ లోపలికి వచ్చారు.

అట్లాసులో నది లేదు. పెద్ద బైండు పుస్తకాల్లో లేదు. రిఫరెన్సు మేడమ్ కళ్లద్దాలు సర్దుకుని ఇంకో రెండు తెచ్చారు, వాటిలోనూ లేదు. అన్న చివరి పుస్తకం మూసి కాసేపు దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. ఒక మనిషి చనిపోయాడని తెలిస్తే అలా కూర్చుంటారు.

తర్వాత లేచి కమలాకుమారి దగ్గరకు వెళ్లాడు. "నువ్వే కరెక్టమ్మా" అన్నాడు, అందరికీ వినపడేట్టు. పొద్దున నవ్వినవాళ్లు చెప్పుల కేసి చూసుకున్నారు.

"ఒకటి తప్పుంటే ఇంకోటి ఉండదని ఏమున్నది?" అని పుస్తకం పిన్నులు ఊడదీశాడు. నలభై మందికి వెయ్యి బిట్లు, తలా ఇరవై ఐదు. లోపల చోటు చాలక వరండాలో, మెట్ల మీద, చెట్టు కింద కూర్చున్నారు. మిర్చి బండి వాళ్లిద్దరూ బరువైన పుస్తకాలు మోశారు. వీణక్క ఎవరూ అడగకుండానే ఒక కాగితం లాక్కుని పని మొదలుపెట్టింది. అంత సంతోషంగా ఉండగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

గొడుగు పన్ను చక్రవర్తి రెండింటికి పట్టుబడ్డాడు. లుమాండా ద్వీపం రెండున్నరకు మునిగింది. నిద్రలో ఈల వేసే జంతువును ఒక పశువుల డాక్టరు కొడుకు పట్టుకున్నాడు. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా అరుపు, మేడమ్ "ష్" అనడం. నేను గోడకు ఆనుకుని లెక్కపెట్టుకుంటున్నాను. మనిషి సొంత బిడ్డలను పేరు పేరునా పోలీసులు పట్టుకుపోతుంటే చూస్తూ నిలబడినట్టుంది.

నాలుగింటికి లెక్క తేలింది. పద్నాలుగు.

నేను నిటారుగా నిలబడ్డాను. పద్నాలుగేంది? వీణక్క కాగితం ఊపింది. ఒక్కతే మూడు పట్టింది, ఒక సరస్సు లోతు, ఒక యుద్ధం సంవత్సరం, ఒక రాజధాని. అవి ఢిల్లీ పుస్తకంలోవే, వాళ్ల సొంత తప్పులు.

డైరెక్టరు గారు మెట్ల మీద కూర్చుని చెమట తుడుచుకున్నారు. "జగదీశ్వర్ గారూ, నా సర్వీసులో ఇలాంటి డెమో చూళ్లేదండీ. పిల్లలేమంటారు?"

"మాకీ సారే కావాలె" అన్నది కమలాకుమారి. మిగతావాళ్లూ అన్నారు.

"అయితే సోమవారం నుంచి వచ్చెయ్యండి."

అంబర్‌పేట ఆ క్షణాన మ్యాపులోంచి పోయింది. కానీ అన్న మొహంలో నవ్వు లేదు. "ఒక్క నిమిషం సార్" అని నా వైపు తిరిగాడు. అందరూ తిరిగారు.

"ఈడు మా తమ్ముడు సృజన్. ఈ పుస్తకం టైపు చేసింది ఈడే. మీరు రేపు ఎట్లయిన అడుగుతరు, అందుకే ఇప్పుడే చెప్తున్న. ఒరిజినల్‌ల ఎట్లుంటె అట్ల కొడ్తడు, తప్పు ఈనిది కాదు. ఏంరా? నువ్వే చెప్పు."

'అవును' అంటే సరిపోతుంది. మూడక్షరాలు. ఇంతకంటే పెద్ద అబద్ధాలు నేను నిద్రలో చెబుతాను, అప్పుడప్పుడూ ఈల కూడా వేస్తాను. నోరు తెరిచాను. అన్న మొహంలో ఒక్క గీత కూడా అనుమానం లేదు. నేను ఏదంటే అది రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

"పదకొండు నావి" అన్నాను.

"ఏంది?"

"పద్నాలుగుల పదకొండు నేనే కల్పించిన అన్నా. బుగ్గయ్య అన్న ఒక్కటే పెట్టమన్నడు. మిగతా పది నా సరదా. ఆ మూడు మాత్రం నావి కావు. ఒట్టు."

మెట్ల మీద ఎవరో దగ్గారు. అన్న నా కేసి చూశాడు. తాజా బూజును నమ్మిన మనిషి.

"నమ్మబుద్ధి అయితలేదురా" అన్నాడు.

కమలాకుమారి కాగితం మీద నా పేరు రాసి, ఎదురుగా పద్నాలుగు అని వేసింది.

*

అందరూ వెళ్లాక గేటు బయట ముగ్గురం నిలబడ్డాం. డైరెక్టరు గారు అన్న చెయ్యి ఊపి, నన్ను దాటుకుని వెళ్లిపోయారు.

"సోమవారం పొద్దున బుగ్గయ్య అన్న తానికి ఇద్దరం పోదాం" అన్నాడు అన్న. "ఉన్నదున్నట్టు చెప్పు."

"సరే అన్నా."

కొంచెం దూరం నడిచాం. అన్న ఆగాడు.

"మంగళారం నాడే తెలుసు నీకు. నాలుగు దినాలు నా ముంగట తిరిగినవు. ఒక్కసారి చెప్పకపోతివి?"

"చిట్టీ పెట్టింది నేనే అన్నా. పుస్తకం మార్చింది నేనే. నీ మంచికే మస్తు తిప్పలు పడ్డ. చెప్తే కొలువు పోతదని భయమైంది, గంతే."

"ఝూట్" అన్నది వీణక్క.

"ఏందక్కా ఝూట్?"

"పొద్దున అన్నకంటె ముందుగాల తయారైనవు. పోయి ముందు బెంచీల కూసున్నవు. ఆపనీకి వచ్చినోడు ముందు బెంచీల కూసుంటడారా? నువ్వు ఇననీకి వచ్చినవు."

అన్న ఎదురు చూస్తున్నాడు. ఇడ్లీ తిన్నట్టే, తొందర లేకుండా.

"అవునన్నా" అన్నాను. "నీ నోట్ల నుంచి ఎట్లొస్తదో ఇందామని వచ్చిన. భయం గూడ ఉండె, కనీ అది తక్కువ. నువ్వు చెప్తుంటె అందరు రాసుకుంటున్నరు, నాకు లోపట్నుంచి ఎట్లనో అయింది. నది ఉన్నదనే అనుకున్న. ఆ పిల్ల చెయ్యి ఎత్తినప్పుడు గూడ, ఎందుకు ఎత్తింది అనుకున్న. నువ్వు ఆగమైతవని యాదికి రాలే."

వీణక్క నా మొహం పరీక్షగా చూసింది, ఝూట్ అనలేదు. అన్న తల ఊపాడు.

ఈసారి నమ్మాడు. నమ్మకపోతే బాగుండేది.